పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు

ఆ పూట జగ్గయ్యపేటలో కుటుంబరావు గారింట్లో ఉన్నవాళ్ళు నలుగురు. వెనక గదిలో మంచం మీద, కుడి పక్క చచ్చుబడి, మాట పడిపోయిన కుటుంబరావు గారు. హాల్లో ఆయన భార్య చూడామణి. అక్కని చూద్దామని నందిగామ నుంచి వచ్చిన తమ్ముడు భవానీప్రసాద్. టెలిఫోన్ పక్కన కుర్చీలో, కుటుంబరావు గారు పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీ మేనేజరు జగన్నాథరావు. జయమణిని ఇంట్లో ఉన్నట్టు లెక్కవేయడానికి లేదు. గడప బయట, చెప్పుల పక్కన నిలబడి ఉంది.

“సారు దగ్గర టైపు నేర్చుకుంటున్నానండి. ఒక్కసారి చూసిపోతాను” అంది మళ్ళీ.

“చెప్పాగా అమ్మాయ్. ఇప్పుడెవర్నీ లోపలికి పోనివ్వటం లేదు” అంది చూడామణి.

కీసరలో బస్సెక్కినప్పటినుంచీ ఆ అబద్ధాన్నే వల్లె వేసుకుంటూ వచ్చింది పిల్ల. కుటుంబరావు గారు ఆమె తండ్రి. ఆ సంగతి ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు. నిరుడు అమ్మ పోయాక ఆమెకి మిగిలింది ఆ మంచం మీది మనిషి ఒక్కడే. కళ్ళారా చూస్తే చాలు, చూసి వెళ్ళిపోతుంది.

లోపల మాటలు వినబడుతున్నాయి.

“కరెంటు పోయి వచ్చింది, అంతే” అంటున్నాడు జగన్నాథరావు. “కంప్యూటర్లో బుకింగులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఏ లారీకి ఏ ఊరి సరుకు ఎత్తాలో తెలీక గేటు దగ్గర్నుంచి ముక్త్యాల రోడ్డుదాకా లారీలు నిలబడిపోయాయి. కాపీ ఉందయ్యా. కానీ అది మీ బావగారి మిషన్లో ఉంది.”

“ఆ మిషన్ పగలగొట్టండి సార్.”

“విడిగా ఉంటే ఆ పనే చేసేవాణ్ణి. ఉన్నది ఒకటే పెట్టె. అందులోనే ఎవరికి వాళ్ళకి ఓ సొంత మిషన్ ఉన్నట్టు నడుస్తుంది. కంటికి కనబడదు, చేతికి తగలదు. ఆయన పాస్‌వర్డ్ కొడితేనే ఆయనది తెరుచుకుంటుంది.”

“లేని మిషన్‌కి తాళం కూడానా? బాగుంది మా బావ వ్యవహారం.”

“నవ్వులాట కాదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ పేరు కొట్టించాం, వేదాద్రి స్వామి పేరు కొట్టించాం. ఊహూఁ. ఇంకో రెండుసార్లు తప్పయితే దానంతటదే బిగుసుకుపోతుంది. బొంబాయి హెడ్డాఫీసునుంచి మనుషులు రావాలి. వాళ్ళేమో అప్పుడే అంటున్నారు, మీవాడు కావాలనే తాళం వేసుకుని మంచమెక్కాడని.”

“అన్నవాణ్ణి వచ్చి ఆ పడిపోయిన మూతి చూసి అనమనండి” అంది చూడామణి.

జయమణి గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది.

“ఊళ్ళో దేవుళ్ళెందుకు సార్, ఇంట్లో దేవత ఉండగా” అన్నాడు భవానీప్రసాద్. “మా అక్క పేరు కొట్టించి చూడండి.”

జగన్నాథరావు నవ్వుతూ ఫోన్ తీసి, అవతల ఆపరేటరుకి ఒక్కో అక్షరం చెప్పాడు. కాసేపు విన్నాడు. మొహంలో నవ్వు పోయింది.

“కాదటమ్మా” అన్నాడు నేల చూస్తూ.

చూడామణి చీర చెంగుతో టెలిఫోన్ బల్ల తుడిచింది. బల్ల మీద దుమ్మేమీ లేదు.

“మీకు తట్టేది ఇంకేదైనా ఉందా? ఇక ఒక్కటే మిగిలింది.”

“నాకేం తెలుసండీ.”

జయమణికి తెలుసు. ఓ ఆదివారం కీసర ఇంటి పెరట్లో జామకాయ కోసి చేతికిస్తూ ఆయనే నవ్వుతూ చెప్పాడు. “రోజూ పొద్దున్నే మీ అమ్మ పేరు కొడితేగానీ తలుపు తియ్యదే ఆ మిషన్.” ఇప్పుడా పేరు చెప్తే లారీలు కదులుతాయి. తను మాత్రం ఆయన్ని చూడకుండానే బస్సెక్కాలి, ఇక ఈ గడప తొక్కడం ఉండదు. చెప్పకపోతే ఆయన దొంగ అవుతాడు.

“కృపావతి అని కొట్టించండి” అంది గడప బయటినుంచే.

ముగ్గురూ ఇటు తిరిగారు.

“నీకెలా తెలుసు?” అన్నాడు జగన్నాథరావు.

“ముందు కొట్టించండి సార్.”

కొట్టించాడు. అవతల ఆపరేటరు అరిచిన అరుపు గుమ్మందాకా వినిపించింది. “వచ్చేసిందట. కాపీ అంతా భద్రంగా ఉందట” అంటూ జగన్నాథరావు లేచి గుమ్మంలోకి వచ్చాడు. బూట్లు వేసుకుంటూ తలెత్తాడు. “ఇంతకీ ఎవరమ్మా ఈ కృపావతి?”

“మా అమ్మండి.”

ఆయన పిల్ల మొహం చూశాడు. వెనక గదివైపు చూశాడు. బూటు లేసు కట్టుకోకుండానే జీపెక్కాడు.

భవానీప్రసాద్ లేచి నిలబడ్డాడు. “అక్కా, ఏంటే ఇది?”

“నువ్వు కూర్చో” అంది చూడామణి.

జయమణి చెప్పుల్లో కాళ్ళు పెట్టి మెట్టు దిగబోయింది.

“ఎక్కడికి? లోపలికి రా.”

చూడామణి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. హాలు దాటించి వెనక గదిలోకి తీసుకుపోయింది. మంచం మీది మనిషి కళ్ళు మెల్లగా తిరిగి జయమణి మీద ఆగాయి. ఒక కంట్లోంచి మాత్రం నీరు కారింది. ఆవిడ ముందు నాన్నా అని పిలవడానికి జయమణికి నోరు రాలేదు.

“నీళ్ళు ఎడమవైపు నుంచి పట్టు, పొరబోకుండా. మాత్ర నూరి తేనెలో కలిపి పెట్టు. దీపం ఆర్పితే ఉలిక్కిపడతారు, ఆర్పకు.”

“అలాగేనండి. నన్ను ఎంతసేపు ఉండనిస్తారండీ?”

చూడామణి గది గడప దాటి అవతల నిలబడింది.

“ఆ పేరు నాకు నీకంటే ముందు తెలుసు పిల్లా. ఎవరో ఒకరు నలుగురిలో పైకి అనేదాకా ఏమీ తెలీనట్టే ఉండాలని ఓపిక పట్టా. ప్రసాదూ, అటక మీద ఎప్పుడో సర్దిపెట్టుకున్న నా పెట్టె ఉంది, దింపు, మీ ఊరు పోదాం” అంటూ తలుపు వేసేసింది.