తేనె గొంతు

"చెప్పను," అంది ఫోన్‌లో అవతలి ఆవిడ. "కార్డు నంబరు చెప్పనంటే చెప్పను."

హెడ్‌సెట్ పెట్టుకున్న అమ్మాయి కంప్యూటర్ తెర మీది పేరు మరోసారి చదివింది. ఆరోగ్య బీమా వాయిదాలు ఫోన్‌లోనే కట్టించుకోవడం ఆమె ఉద్యోగం. కట్టనని మొండికేసేవాళ్లు, తిట్టేవాళ్లు రోజూ తగులుతూనే ఉంటారు. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయడం ఎప్పుడో అలవాటైపోయింది. కానీ ఇవాళ కంప్యూటర్ తనంతట తాను కలిపిన ఈ కాల్‌లో ఉన్నది సాక్షాత్తూ ఆమె కన్నతల్లి.

వచ్చేవారం అమ్మకు మోకాలి ఆపరేషన్. బీమా కట్టావా అని అడిగినప్పుడల్లా "ఎప్పుడో కట్టేశా" అనేది. తెర మీద ఎర్రక్షరాలు వేరే మాట చెబుతున్నాయి. ఇంకాసేపట్లో గడువు దాటితే పాలసీ రద్దు.

"మీ మంచి కోసమే చెబుతున్నాను మేడమ్," అంది ఆమె, శిక్షణలో నేర్పిన తేనె గొంతుతో. అమ్మను మేడమ్ అంటుంటే నాలుక తడబడింది.

బంధువుల కాల్ వస్తే వేరేవాళ్లకు అప్పగించాలి. లేదంటే ఉద్యోగం ఊడుతుంది. అప్పగిస్తే అమ్మ వరసలో అందరికన్నా వెనక్కి పోతుంది, ఈలోగా పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. తానే కట్టేద్దామంటే ఫోనూ కార్డూ బయట లాకర్లో ఉన్నాయి. పైగా టీమ్ లీడర్ అద్దాల గదిలో కూర్చుని సరిగ్గా ఈ కాల్‌నే వింటున్నాడు. రెండు వేళ్లతో తన పెదాలు సాగదీసి చూపించాడు. నవ్వుతూ మాట్లాడమని అర్థం.

ఆమె నవ్వింది.

"మా అమ్మాయి ముందే చెప్పింది తల్లీ," అంటోంది అమ్మ. "ఇలాంటి ఫోన్లు వస్తాయి, ఆ దేవుడే దిగొచ్చి అడిగినా నంబరు చెప్పొద్దంది. చెప్పావో, నీకూ నాకూ మాటల్లేవని అరిచి మరీ వెళ్లింది. దాని నోరంటే నాకు భయం."

"మీ అమ్మాయి ఏం చేస్తారు మేడమ్?"

"ఏదో ఫోన్ల ఆఫీసట. ఏం ఆఫీసే అంటే విసుక్కుంటుంది. రోజంతా వాగి వాగి వస్తుందిగా, ఇంటికొచ్చాక నాతో మాట్లాడే ఓపిక దానికెక్కడిది?"

అమ్మాయికి గోడ గడియారం వైపు చూడబుద్ధి కాలేదు.

ఇక ఒక్కటే దారి. కార్డు నంబరు చెప్పేటప్పుడు రికార్డింగ్ ఆపడానికి ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే టీమ్ లీడర్ చెవిలో కూడా నిశ్శబ్దమే. కాసేపటికి రికార్డింగ్ దానంతటదే మళ్లీ మొదలవుతుంది. ఆమె బటన్ నొక్కింది. అద్దం అవతల అతను ఇంకా ఇటే చూస్తున్నాడు, పక్క సీట్లవాళ్లు మోచేతి దూరంలో ఉన్నారు. గొంతు పెంచడానికి లేదు, మొహంలో నవ్వు చెరగడానికి లేదు.

"అమ్మా, నేనే. నీ కూతుర్ని. నేను పనిచేసేది ఇక్కడేనమ్మా. నంబరు చెప్పమ్మా, నీ మోకాలి కోసమే."

"నిజంగా నువ్వేనా?"

"ఒట్టమ్మా. బీరువా తాళం పంచదార డబ్బా వెనక పెడతావు. రాత్రిళ్లు మోకాలి కింద వేడినీళ్ల సీసా పెట్టుకుని పడుకుంటావు. ఎంత నొప్పి ఓర్చుకుంటున్నావో నాకు తెలియదనుకున్నావా? చెప్పు, మా అమ్మ కదూ."

పర్సు జిప్పు లాగిన చప్పుడు వినిపించింది. అమ్మాయి వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి.

"నాలుగు..." అంది అమ్మ. అని, ఆగిపోయింది.

"చెప్పమ్మా. కంగారు లేదు, మెల్లగా చెప్పు."

జిప్పు మళ్లీ మూసుకుంది.

"మా ఇంటి గుట్లన్నీ ఎలా లాగావో గానీ, ఒక్కచోట దొరికిపోయావు తల్లీ," అంది అమ్మ, ఫోన్ పెట్టేసే ముందు. "మా అమ్మాయి నాతో ఇంత ప్రేమగా ఏనాడూ మాట్లాడలేదు."