పటంలో లేని పిల్లలు

"మా బడి తీసేసి అక్కడ కార్లు పెట్టుకుంటారా?" అని నేను లేచేసరికి, అత్తయ్య నా కొంగు పట్టి లాగారు.

పురపాలక సంఘం హాల్లో గోడ నిండా మా ఊరి రాబోయే ముప్పై ఏళ్ల పటం వేలాడుతోంది. అభ్యంతరాలుంటే చెప్పమని అందరినీ పిలిచారు. ఆ పటం గీసింది మా ఆయనే. పెళ్లయి నెల కాలేదు. ఆయన వేళ్లకి అంటిన పచ్చ, పసుపు రంగులు చూసి రోజూ మురిసిపోయాను. బడి మీది బూడిద రంగు మాత్రం ఇప్పుడే చూశాను.

"ఏటేటా పిల్లలు తగ్గిపోతున్నారమ్మా. కొన్నాళ్లకి ఆ బడిలో బెంచీలే మిగుల్తాయి," అన్నాడు ప్రణాళికాధికారి.

"మీ లెక్కలో మా పిల్లలున్నారా?"

"మీకెంతమంది?"

"ఇంకా లేరు."

హాలంతా గొల్లుమంది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అలా ఎర్రబడితే ఎంత బాగుంటారో!

"పుట్టనివాళ్లని ఎలా లెక్కేస్తామమ్మా?"

"ఇంకా కొనని కార్లని లెక్కేశారుగా!"

నవ్వులు ఆగిపోయాయి. అత్తయ్య నా కొంగు వదిలేసి తనూ లేచారు.

"ఒరేయ్, నువ్వు చదివిన బడికి నీ చేత్తోనే బూడిద పూశావట్రా?"

మా ఆయన అధికారి వైపు చూశారు, నా వైపు చూశారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, ఆ బూడిద రంగు మీద 'బడి' అని పెద్దగా రాశారు.

అధికారి తల పట్టుకున్నాడు. "సరే, ఇంతకీ ఎంతమందని వేసుకోమంటారు?"

"ముందు బడి ఉంచండి," అన్నారు అత్తయ్య. "లెక్క వాళ్లిద్దరూ నెమ్మదిగా చెప్తారు."