సారొచ్చిన వేళావిశేషం

“గట్టిపడ్డదా మేడం?”

“లేదు.”

“జెరంత సుత?”

“లేదని చెప్పిన గదా, పర్వతాలన్నా!”

కసిరాక కల్పలతకు తన మీద తనకే చిరాకేసింది. పర్వతాలు ల్యాబ్ అటెండర్. వచ్చే ఏడు రిటైరవుతాడు. ఏడు నెలలుగా ఆమెతో పాటు ఈ ఫ్లాస్కు చుట్టూ తిరుగుతున్న మనిషి లోకంలో ఎవరైనా ఉంటే అది అతనొక్కడే. ఫ్లాస్కు అడుగున నారింజరంగు ముద్ద ఆముదంలా జిగటగా అలాగే ఉంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఈ ముద్ద ముందు ఏ మొండివాడూ పనికిరాడు.

వెలుతురు తగిలితే కరెంటు పుట్టించే పదార్థం అది. ఐదేళ్లు నానా తిప్పలూ పడి కల్పలత తయారుచేసింది. ఇంతకుముందు ఎవరూ చేసింది కాదు. అయితే అది స్ఫటికంగా గడ్డకడితేనే ఎక్స్‌రేలో దాని లోపలి అమరిక కనబడుతుంది. అమరిక చూపిస్తేనే పేటెంటు. సోమవారం ప్రాజెక్టు కమిటీ కూర్చుంటోంది. అప్పటికి స్ఫటికం చూపించకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది, తిరుమలగిరిలోని ఈ ల్యాబులో ఆమె ఉద్యోగమూ పోతుంది. ఇవాళ శుక్రవారం.

చల్లబెట్టింది. వేడిచేసింది. గాజుకడ్డీతో ఫ్లాస్కు లోపలి గోడ గీకింది. ఎవరికీ చెప్పలేదు గానీ, మొన్న మహంకాళమ్మకు మొక్కుకుంది కూడా.

“గింత పరేషాన్ ఎందుకు మేడం? జెర తోడేస్తె అయిపోతది గద,” అన్నాడు పర్వతాలు. “నిన్న మా ఇంట్ల పెరుగు ఒడిసింది. పక్కింటి కమలాబాయి తాన చెంచెడు అడుక్కొచ్చి పాలల్ల కలిపినం. తెల్లారెటాల్లకు గడ్డ.”

ఆ చిరాకులోనూ కల్పలతకు నవ్వొచ్చింది. పదిహేనేళ్ల కిందట ఆమె పీహెచ్‌డీ గైడు తాతారావుగారు చెప్పిందీ అదే. “స్ఫటికానికీ తోడు కావాలమ్మా. అదే పదార్థం, ముందే గడ్డకట్టింది, కంటికి ఆననంత రేణువు పడితే చాలు. ఎంత మొండి ముద్దయినా దారికొస్తుంది.”

“మొట్టమొదలు చేసేటోళ్లకు పక్కిల్లు ఎక్కడుంటది అన్నా? తోడు ఎవరినని అడగాలె?” అంది.

పదకొండింటికి తాతారావుగారు వచ్చారు. ఆమె నాలుగురోజులుగా ఫోన్ చేసి బతిమాలితే, సైనిక్‌పురి నుంచి ఆటోలో దిగారు. డిసెంబరు చలికి బూడిదరంగు ఉన్ని స్వెట్టరు వేసుకున్నారు. కిందటేడు ఆమే కొనిచ్చింది. అప్పుడే చేతుల దగ్గర రెండు చిల్లులు. పురుగు కొట్టినట్టుంది, పాపం, చూసుకోరు కాబోలు అనుకుంది.

“నేనిచ్చిన కాయితాలు చూశారా సార్?”

తయారీ విధానమంతా రాసి, దిద్దిపెట్టమని నాలుగు నెలల కిందట ఆయనకిచ్చింది. ఆయనకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు.

“ఎక్కడమ్మా! కవరు కూడా చింపలేదు. కళ్లు సహకరించడం లేదు. ఫ్లాస్కు ముట్టుకుని మూడేళ్లయింది. మా ఇంటి పక్కనే ఓ కంపెనీవాళ్లు సలహాకని పిలుస్తారు. వెళ్లి కాఫీ తాగి వచ్చేస్తుంటాను, అంతే.”

ఆయన ఫ్లాస్కు అందుకున్నారు. మూత తీసి, కిటికీ వైపు వంచి, చాలాసేపు చూశారు. పెదవి విరిచారు.

“ఇది గడ్డకట్టే రకం కాదు, కల్పలతా. వదిలెయ్. నాకు తెలిసిన కాలేజీలో పోస్టుంది. మాట్లాడతాను.”

వేరెవరన్నా ఆ మాట అంటే ఆమె పోట్లాడేది. అన్నది సారు. ఆయన్ని ఆటో ఎక్కించి వచ్చి, కమిటీకి ఉత్తరం రాయబోయింది. రెండు వాక్యాలు రాసి కొట్టేసింది. లేచి కిటికీ దాకా వెళ్లింది. వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది.

“మేడం! జల్ది రాండ్రి!”

ఫ్లాస్కు లోపల, మెడ కింద, ఒక నారింజరంగు చుక్క మెరుస్తోంది. చుక్క చుట్టూ సన్నటి సూదులు. వాళ్లు చూస్తుండగానే సూదులు కిందికి పాకి ముద్దను అందుకున్నాయి. పావుగంటలో ముద్దంతా కలకండలా గడ్డకట్టింది.

“సార్ అడుగు మంచిది మేడం! ఏడు నెలల సంది కానిది, గట్ల వచ్చి గిట్ల పోయిండు, అయిపాయె!”

కల్పలత ఏడుస్తూ నవ్వింది. వెంటనే సారుకు ఫోన్ చేసింది.

“సార్, గడ్డకట్టింది! అంతా మీరొచ్చిన వేళావిశేషం!”



“మూత నేనే తీశానా?” అన్నారు ఆయన.

“అవును సార్.”

“ఊఁ. సోమవారం దాకా ఎవరికీ చెప్పకు.”

ఫోన్ పెట్టేశారు. శభాష్ అని ఒక్క మాటైనా అనలేదు.

“ఏమన్నడు సారు?” పర్వతాలు అడిగాడు.

“మూత ఎవరు తీసిన్రని అడిగిండు.”

“గదేందీ, గిట్ల అడుగుతడు? ఏదైతేంది మేడం, తోడు లేకుండనే తోడుకున్నది!”

నవ్వబోయి కల్పలత ఆగిపోయింది. ఫ్లాస్కును కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. మొట్టమొదట మెరిసిన చుక్క మధ్యలో, వెంట్రుకంత బూడిదరంగు ఉన్నిపోగు ఇరుక్కుని ఉంది. సారు స్వెట్టరు చిల్లులు పురుగు కొట్టినవి కావు, రసాయనం పడి కాలినవి.

తోడు సైనిక్‌పురి నుంచి వచ్చింది.