బాగుపడని ఓవెన్

“ఇది ఓవెనా, పిల్లలు ఆడుకునే బొమ్మా?” అంది అత్తగారు, వంటగట్టు మీదున్న బుల్లి ఓవెన్‌ని ఎగాదిగా చూస్తూ. “నా కేకు గిన్నె దీని నోట్లో పట్టనే పట్టదు.”

“చిన్న గిన్నెలు తెచ్చాను అత్తయ్యా. ఒక పెద్ద కేకు బదులు రెండు చిన్నవి చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టేద్దాం.”

“ముప్పై ఏళ్లు కేకులు చేసినదాన్ని, ఇప్పుడు నీ దగ్గర ఓనమాలు దిద్దుకోవాలా?”

కోడలు నవ్వుతూ చిన్న గిన్నెలకి వెన్న రాయసాగింది. గోడవారన నడుమెత్తున నిలబడ్డ పెద్ద ఓవెన్‌కి ఏ రోగమూ లేదు. ఆ సంగతి ఈ ఇంట్లో తనొక్కదానికే తెలుసు.

జరిగిందేమిటంటే, పోయిన నెలలో రెండుసార్లు అత్తగారు కేకు బయటికి తీసి, ఓవెన్ ఆపడం మరిచిపోయి, వెళ్లి పడుకుంది. మొదటిసారి కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటగది కొలిమిలా ఉంది. రెండోసారి పక్కన వేలాడుతున్న తువ్వాలు అంచు మాడి కమురు వాసన కొడుతోంది. చప్పుడు చేయకుండా ఓవెన్ ఆపేసి, తువ్వాలుని చెత్తబుట్ట అడుక్కి తోసేసింది.

భర్తకి చెబుదామా? అమ్మ తుమ్మితేనే హడలిపోయే మనిషి. ‘ఇక నువ్వు వంటగది గడప తొక్కొద్దమ్మా’ అనేస్తాడు. వీధిలో ఎవరి పిల్లల పుట్టినరోజైనా కేకు ఆవిడదే. ఆ పనే లేకపోతే ఆవిడకి రోజు గడవదు. పోనీ ఆవిడకే చెబుదామంటే, ‘మీకు మతిమరుపు వచ్చింది’ అని ఏ నోటితో అనడం?

అంతలో అత్తగారే, “ఓవెన్ సరిగ్గా వేడెక్కట్లేదే అమ్మాయ్!” అంటూ మెకానిక్‌కి ఫోన్ చేసింది. ఆ పొద్దున్నే అందులో రొట్టె చక్కగా కాలింది. ఇదేం చాదస్తమో అనుకుంది కోడలు. అయినా వచ్చిన అవకాశం వదులుకోలేదు. మెకానిక్‌ని గేటు దగ్గరే ఆపి, “బాగుపడదని చెప్పండి. ఈ ఒక్క సాయం చేసి పెట్టండి” అని బతిమాలింది.

అతను కాసేపు ఆమె ముఖంలోకి చూసి, తల గోక్కుని, “సరేనమ్మా” అన్నాడు. ఎందుకని కూడా అడగలేదు. లోపలికెళ్లి నాలుగు మరలు విప్పి బిగించి, “పెద్దమ్మగారూ, దీని పార్టులు ఇప్పుడు రావట్లేదండీ” అని తేల్చేశాడు.

మర్నాడే బుల్లి ఓవెన్ ఇంటికొచ్చింది. టైము తిప్పి పెడితే చాలు, టంగుమని మోగి తనంతట తానే ఆగిపోతుంది.

మొదటి కేకు పైన బొగ్గు, లోపల పచ్చి.

“చూశావా! కాలే కడ్డీ కేకు నెత్తి మీదే ఉంటే మాడక ఏం చేస్తుంది?”

“మరేం చేద్దాం అత్తయ్యా?”

“కింది అరలో పెట్టు. పైన అల్యూమినియం కాగితం కప్పు. సగం కాలాక గిన్నె అటుదిటు తిప్పు. అన్నీ నేనే చెప్పాలి!”

వారం తిరిగేసరికి అత్తగారికి దాని కిటుకు పట్టుబడింది. గొణుగుడు మాత్రం తగ్గలేదు. కొడుకు భోజనానికి కూర్చుంటే చాలు, ‘నా పెద్ద ఓవెన్ ఉంటేనా...’ అని మొదలుపెట్టేది. ఆ మాట విన్నప్పుడల్లా కోడలు కంచంలోంచి తలెత్తేది కాదు. పెద్దావిడని మోసం చేశానే అని ఒకటే బాధ.

నెల తర్వాత వాషింగ్ మెషీన్ మొరాయిస్తే అదే మెకానిక్ వచ్చాడు. అత్తగారు పక్కింటి పాప పుట్టినరోజుకి కేకు ఇవ్వడానికి వెళ్లింది. కోడలు అతనికో ముక్క ప్లేటులో పెట్టి ఇచ్చి, గొంతు తగ్గించింది.

“ఆ రోజు నాకోసం అబద్ధమాడారు. అత్తయ్య ముందు పొరపాటున కూడా నోరు జారకండి. తనని ఏమార్చామని తెలిస్తే ఆవిడ మనసు విరిగిపోతుంది.”

మెకానిక్ ముక్క కొరకబోతూ ఆగాడు. ప్లేటు పక్కన పెట్టాడు.

“ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు గానీ, మీరిలా బాధపడుతుంటే చూడలేనమ్మా” అన్నాడు. “‘ఆపడం మరిచిపోతున్నానయ్యా, మావాడికి తెలిస్తే వంటగదిలోకే రానివ్వడు’ అని, మీకంటే ముందు, ఫోన్లోనే, ఆ అబద్ధం ఆడమన్నది పెద్దమ్మగారే.”