గీజరు ఎవరిది?

గీజరు టప్‌మని శబ్దం చేసి ఆగిపోయింది.

బాత్రూమ్‌లోంచి డ్రైవింగ్ స్కూలు మాస్టారి తండ్రి కేకేశాడు. పక్షవాతం వచ్చి ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న మనిషి. ఒంటినిండా సబ్బు నురగ. బయట ఎముకలు కొరికే చలి.

మాస్టారు ఆయన ఒళ్ళు తుడిచి, దుప్పటి కప్పి, మెకానిక్‌ను పిలిపించి చూపించాడు. తర్వాత ఇంటి ఓనరమ్మకు ఫోన్ చేశాడు.

“గీజరు పోయిందండీ. లోపల ట్యాంకే చిల్లిపడిందట. వేరేది పెట్టించాలి.”

“నేనిచ్చినప్పుడు బానే ఉందిగా బాబూ! పాడుచేసింది మీరు, పెట్టించుకోవాల్సిందీ మీరే.”

“పాతబడి పోయిందండీ, నేనేం బద్దలు కొట్టలేదు. వస్తువు మీది.”

“వాడకం మీది!”

మాటకు మాట పెరిగింది. ఇల్లు ఖాళీ చెయ్యమంది ఆవిడ. సరేనని విసురుగా ఫోన్ పెట్టేశాడు ఇతను.

ఓనరమ్మ రిటైరైన టైపిస్టు. మోకాళ్ళ ఆపరేషనై ఊరి ఆ చివర కూతురింట్లో ఉంటోంది. మందులకు ఈ అద్దే ఆధారం.

ఇద్దరి కోపమూ ఇల్లు కుదిర్చిన బ్రోకరు మీదికి మళ్ళింది.

“ఎలాంటి ఇల్లు చూపించారండీ!” అన్నాడు మాస్టారు.

“ఎలాంటి మనిషిని తెచ్చావయ్యా!” అంది ఓనరమ్మ.

సాయంత్రానికి బ్రోకరు తాళాల గుత్తి ఆడించుకుంటూ వచ్చాడు. దుప్పట్లో ముడుచుకున్న ముసలాయన దగ్గర కూర్చున్నాడు.

“ఎలా ఉంది పెద్దాయనా?”

“స్నానమంటేనే భయం పట్టుకుంది నాయనా.”

మాస్టారు చిటపటలాడాడు. “కమీషన్ చేతిలో పడ్డాక మీకేం పట్టిందిలెండి!”

బ్రోకరు నవ్వేశాడు. “మీరిద్దరూ మంచివాళ్ళే సార్. చెడింది గీజరొక్కటే. ఆవిడతో నేను మాట్లాడతా ఉండండి.”

మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని ఒక గీజరు మోసుకొచ్చి, దగ్గరుండి పెట్టించాడు.

“కొత్తది కాదు సార్. ఓనరమ్మగారు కూతురింట్లో తన బాత్రూమ్‌లోది విప్పించి పంపారు. ఫోన్ చేసి ఆ ఊసెత్తకండి. నిన్న అన్న మాటలకు ఆవిడే మొహమాటపడుతున్నారు.”

మాస్టారు చేతిలోకి తీసుకున్న ఫోన్‌ను మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ తర్వాత అద్దె ఒక్కరోజు ఆలస్యం కానివ్వలేదు. ఓనరమ్మా ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ తలవలేదు. ఫోన్లో పెద్దాయన ఆరోగ్యం కూడా అడిగేది.

మరో చలికాలం వచ్చింది. మాస్టారికి స్కూలు దగ్గర్లోనే ఇల్లు దొరికింది. తనే తిరిగి వెతుక్కున్నాడు. తాళాలు తీసుకోవడానికి ఓనరమ్మ కర్ర ఊతంతో వచ్చింది.

“ఈసారి బ్రోకర్ని పిలవలేదు బాబూ. టు-లెట్ బోర్డు నేనే పెట్టేశా.”

“నేనూ అంతేనండీ. కమీషన్ దండగ.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ గదులన్నీ చూస్తూ బాత్రూమ్ దగ్గర ఆగింది.

“గీజరు మర్చిపోయావేం? విప్పించుకో.”

“నాదెక్కడిదండీ? మీరు పంపిందేగా!”

“నేనా? నువ్వే మీ ఊళ్ళో ఉన్న పాతది తెప్పించి పెట్టుకున్నావని చెప్పాడే బ్రోకరు! ‘మారు మాట్లాడకుండా పెట్టుకున్నాడమ్మా, ఆ సంగతెత్తితే నొచ్చుకుంటాడు’ అన్నాడు.”

“నాతో మీ బాత్రూమ్‌లోది విప్పించి పంపారన్నాడండీ!”

బ్రోకరు ఇల్లు రెండు సందుల అవతలే. మాస్టారు ఓనరమ్మను కారులో ఎక్కించుకుని వెళ్ళాడు. తలుపు తీసింది బ్రోకరు భార్య.

“ఆయన స్నానానికి వెళ్ళారు, కూర్చోండి,” అని లోపలికెళ్ళి, పొయ్యి మీంచి దించిన పొగలు కక్కే గిన్నెను గుడ్డతో పట్టుకుని వచ్చింది. “ఈ వేణ్ణీళ్ళిచ్చి వస్తా. మా గీజరు రిపేరుకిచ్చి ఏడాదైంది, ఆ మెకానిక్ ఎవరో గానీ ఇవాళిస్తా రేపిస్తా అంటూ ఈయన్ని ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.”