ఆ ఊళ్లో వాన లేదు

"ఆ చుక్క తీసెయ్యమ్మా," అన్నాడు రంగులాయన, తెర మీది పటాన్ని వేలితో పొడుస్తూ.

బొమ్మలు గీసే అమ్మాయి మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచింది. "మబ్బుల బాబాయిని ఒక్కమాట అడుగుదాం సార్."

"చుక్క తియ్యడానికి ఆయన్నడగడమెందుకు? ఆయన తాతలనాటి ఆస్తా?"

రంగులాయన అంటే జాతీయ చానల్ పెద్దాఫీసు నుంచి వచ్చిన అధికారి. పేరు స్టేషనువాళ్లు పెట్టుకున్నది. ప్రాంతానికో రంగు, ప్రాంతానికో బాణీ ఇక చెల్లవనీ, దేశమంతటా ఒకే నీలం, ఒకే సంగీతం, ఒకే గొంతు ఉండాలనీ ఆజ్ఞ పట్టుకుని స్టేషన్లన్నీ తిరుగుతున్నాడు. వచ్చీరాగానే స్టూడియో గోడలకు నీలం పూయించాడు. ఇంకో రోజు ఆగితే మనుషులక్కూడా పూయిస్తాడని క్యాంటీన్లో గుసగుసలు. మనిషి చెడ్డవాడేం కాదు గానీ, ఎవరి మాటా చివరిదాకా వినే ఓపిక పుట్టుకతోనే లేదు.

ఇక స్టేషనుకు సొంతమంటూ మిగిలింది సాయంత్రం వార్తల చివర వచ్చే వాతావరణం ముక్క ఒక్కటే. ఆ పటం మూలన బండిచక్రమంత కొత్త లోగో కూర్చోవాలి. ఆ మూల ఎలాగూ నీలంగానే ఉంది, చక్కగా కలిసిపోతుంది. అడ్డమల్లా ఆ ఒక్క ఊరి చుక్క.

ఇంతలో వాతావరణం చదివే బాబాయి వచ్చాడు. తల మీద జుట్టు కాదు, పెద్ద తెల్లమబ్బు. సంగతి విని పటం ముందు నిలబడిపోయాడు.

"అది మాత్రం ఉంచండి సార్. లోగోనే కాస్త పక్కకి జరపండి."

"దేశమంతా ఒకేచోట ఉండాల్సినదాన్ని మీ ఒక్కరి కోసం జరపాలా? ఏం, మీ సొంతూరా?"

"మా ఆవిడ పుట్టిల్లు."

"అదీ సంగతి! అత్తారింటి మీద ఈగ వాలనివ్వరన్నమాట."

రంగులాయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"మీ పాత వార్తలు వేయించుకుని చూశాను. చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ కుండపోత అంటారు. ఈ ఒక్క ఊరికి మాత్రం 'వాన లేదు, నేల పొడిగా ఉంది' అంటారు. ఊరంతటికీ కలిపి గొడుగేమన్నా పట్టారా?"

"ఆ ఊరికి అలాగే చెప్పాలి సార్."

"వానాకాలంలో కూడానా?"

"వానాకాలంలో మరీనూ."

"సార్, అసలా ఊరు..." అంటూ అమ్మాయి నోరు తెరిచింది.

"ఊరి చరిత్ర నాకొద్దమ్మా. అబద్ధం అబద్ధమే. ఇవాళ్టి నుంచి వాతావరణం కూడా పెద్దాఫీసు గొంతే చదువుతుంది. ముందా చుక్క తీసెయ్."

బాబాయి కాలరుకున్న మైకు విప్పి మెల్లగా బల్ల మీద పెట్టాడు. "తీసేస్తే తీసెయ్యండి. ఇంటికెళ్లి ఆవిడ మొహం ఎలా చూడాలో అదొక్కటి చెప్పండి," అన్నాడు. గొడుగు మరిచిపోయి వానలోకి వెళ్లిపోయాడు.

సాయంత్రం కొత్త గొంతు తేనె పూసినట్టు చదివింది. చదవడం అయ్యిందో లేదో ఫోన్ మొదలైంది.

"బాబూ, మా ఊరి మాట చెప్పలేదేం?" ఎవరో ముసలాయన.

"మీరెక్కడి నుంచి మాట్లాడుతున్నారు?"

ముసలాయన ఎక్కడో దూరాన ఉన్న పట్నం పేరు చెప్పాడు.

"అక్కడుండి ఆ ఊరి వాన మీకెందుకండీ?" అని పెట్టేశాడు రంగులాయన. మళ్లీ మోగింది. ఈసారి ఇంకో పట్నం. ఆ తరవాత మరొకటి.

"చూశావా? ఊళ్లో ఉన్నవాడు ఒక్కడూ చెయ్యలేదు. అందరూ బాబాయి చుట్టాలే. ఆయనే ఎగదోస్తున్నాడు," అన్నాడు అమ్మాయితో.

చివరి ఫోన్లో ఒక ఆడగొంతు. "అయ్యా, మా ఆయన్నడిగితే గోడవైపు తిరిగి పడుకున్నారు. మీరన్నా చెప్పండి. మా ఊళ్లో పొడిగానే ఉందా? ఆ మాట వింటేగాని నాకు కన్ను మూతపడదు. నాన్న ఒక్కడే ఉండిపోయాడక్కడ. తడుస్తున్నాడేమో."

"గొడుగేసుకోమనండమ్మా."

అమ్మాయి అతని వంక ఒక్క చూపు చూసి, సంచీ తీసుకుని, చెప్పకుండానే వెళ్లిపోయింది. ఎందుకో ఆ చూపు అతన్ని సరిగా తిండి కూడా తిననివ్వలేదు. అటో ఇటో తేల్చెయ్యాలనుకున్నాడు. ఆ ఊళ్లో కురుస్తున్న వానను ఫొటో తీసి పెద్దాఫీసుకు పంపితే, బాబాయి మళ్లీ మైకు ముట్టుకోడు.

తెల్లారేసరికి ఆకాశానికి చిల్లు పడింది. జీపు రప్పించి ఊరి పేరు చెప్పాడు.

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "ఆ ఊరికా సార్? అక్కడ..."

"దారి తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"అయితే ముందుకు చూసి నడుపు."

దారిలో ఒక్క బస్సూ ఎదురు రాలేదు. పోనుపోను రోడ్డు సన్నబడి, మధ్యలో మోకాలెత్తు గడ్డి మొలిచింది. ఏనుగు ఎదురొచ్చినా గుద్దుకున్నాకే తెలిసేంత వాన. వైపర్లు కొట్టుకుని కొట్టుకుని చేతులెత్తేశాయి. జీపు ఆగింది.

"ఆపావేం?"

"రోడ్డు ఇంతవరకే సార్."

రంగులాయన కెమెరా మెడలో వేసుకుని, గొడుగు విప్పి దిగాడు. కళ్ల ముందు తెల్లటి వాన తెర తప్ప ఏమీ లేదు. గబగబా నాలుగడుగులు వేశాడో లేదో, డ్రైవరు వెనకనుంచి పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకుని లాగాడు.

"ఇంకొక్క అడుగు వెయ్యకండి సార్!"

"వదులు! ఊరెక్కడయ్యా? ఒక్క ఇల్లూ కనబడదేం?"

డ్రైవరు చెయ్యి వదల్లేదు. రంగులాయన మొదటిసారిగా ఒక మనిషి మాట చివరిదాకా విన్నాడు.

"డ్యామ్ కట్టినప్పుడే మునిగిపోయింది సార్."