ఉల్టా తేలు

“గిది నా గదవే గద సారూ?”

చీపురు పట్టుకున్న చేత్తోనే కొండమ్మ కంప్యూటర్ తెర మీది బొమ్మ గడ్డాన్ని చూపించింది. శశికిరణ్ గతుక్కుమన్నాడు. ఊడ్చే మనిషి ఎప్పుడొచ్చి వెనక నిలబడిందో చూసుకోలేదు.

తెర మీద ఉన్నది కందరుడు. తొంభై ఏళ్ళ కిందటి ఓ నవలలో మనుషుల్ని పీక్కుతినే గుహల జాతివాడు. ఆ నవలని ఇప్పుడు వెబ్ సిరీస్‌గా తీస్తున్నారు. అందులోని రాక్షసులకీ, రెక్కల గుర్రాలకీ రూపాలు గీయడం అబిడ్స్‌లోని ఈ మూడో అంతస్తు ఆఫీసులో శశికిరణ్ ఉద్యోగం. రాసినాయన గుర్రాన్ని నాలుగు పేజీలు వర్ణించాడు గానీ, కందరుల దగ్గరికొచ్చేసరికి “వారి వదనములపై కులచిహ్నము లుండును” అని ఒక్క ముక్కతో చేతులు దులుపుకున్నాడు. ఆ చిహ్నమేమిటో తోచక శశికిరణ్ నెల రోజులు జుట్టు పీక్కున్నాడు. చివరికది బల్ల కింద ఊడుస్తూ తలెత్తిన కొండమ్మ గడ్డం మీద దొరికింది. పచ్చబొట్టు. ఐదు చుక్కలు, వాటి మధ్య తలకిందులుగా ఓ తేలు. ఆమె కిటికీ తుడుస్తుంటే ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. అడగలేదు. అడగాలని తోచనే లేదు.

ఇప్పుడా తేలు కోరల కింద, నెత్తురు కారే మూతి కింద ఉంది.

“అదీ... కొండమ్మా... ఊరికే అలా...”

“నాదే. ఉల్టా తేలు.” ఆమె మొహం తెరకి ఆనించినంత పని చేసింది. “గీ బొమ్మ ఏడేడ అంటిస్తరు సారూ?”

“పోస్టర్లే కదా, అంతటా వేస్తారు.”

“నాంపల్లి టేషన్ కాడ గూడనా?”

“శుక్రవారం మొట్టమొదట వేసేది అక్కడే.”

“బయటి ఊర్లల్ల? బొంబాయి గిట్ల?”

“అన్ని భాషల్లోనూ వస్తోంది. అన్ని ఊళ్ళలోనూ వేస్తారు.” నిజమే చెప్పాడు.

కొండమ్మ అరచేత్తో గడ్డం తడుముకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చీపురు మూలన పెట్టి, సగం ఊడ్చిన గది అలాగే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం శశికిరణ్ క్యారియర్ విప్పకుండానే కూర్చున్నాడు. తమ అమ్మమ్మ వెంకటరత్నమ్మ ముక్కుపుడక తీసి ఎవడైనా దెయ్యానికి పెట్టి ఊరంతా అంటిస్తే తను ఊరుకునేవాడా? ఛీ, ఎంత పని చేశాను అనుకున్నాడు. రోజూ నా టీ కప్పు కడిగి బోర్లించే మనిషిని నరమాంసం తినేవాడిగా గీశాను, అదీ దొంగచాటుగా. తిన్నగా డైరెక్టర్ గదిలోకి వెళ్ళాడు.

“ఆ తేలు తీసేద్దాం సార్.”

“మతిపోయిందా?” అన్నాడు అమరేశ్వరరావు. “పోస్టర్లు రేపు ప్రింటుకి పోతున్నాయి. ఆ జాతికి ప్రాణం ఆ తేలేనయ్యా!”

“అది ఒకావిడ మొహం సార్. తియ్యనంటే నేను మానేస్తాను.”

అమరేశ్వరరావు అతణ్ణి ఎగాదిగా చూశాడు. ఇంత మెత్తటివాడు ఇంత గట్టిగా మాట్లాడగలడని ఆయనకి తెలియదు. “ఏడిశావులే. ఏ పామో గీమో పెట్టి తగలడు.”

సాయంత్రానికల్లా తేలు పోయి పాము వచ్చింది. శశికిరణ్ అక్కడితో ఆగలేదు. పాత బొమ్మలన్నీ చెరిపేశాడు. ఫోన్లో ఫొటో కూడా తీసేశాడు. అయినా మనసు కుదుట పడలేదు. మర్నాడు కొండమ్మ రాలేదు. శుక్రవారమూ రాలేదు.

శనివారం పొద్దున వాచ్‌మన్ బాలరాజుని అడిగాడు.

“కొండమ్మనా? నాంపల్లి టేషన్ కాడున్నది సార్. నిన్న పొద్దుగాలసంది మీ పోస్టర్ల పక్కన్నే నిలవడ్డది. ఏందంటే చెప్తలేదు.”

శశికిరణ్ అక్కణ్ణించే వెనుదిరిగాడు. ఎవరైనా ఏమైనా అన్నారేమో! జీపీవో దాటి స్టేషన్ రోడ్డు పట్టుకుని, ఆటో కూడా ఎక్కకుండా దాదాపు పరిగెత్తాడు.

స్టేషన్ ముందు గోడ పొడుగునా కందరులే. వాళ్ళ పక్కన కొండమ్మ. ఉతికిన చీర కట్టుకుంది. తలకి నూనె రాసి నున్నగా దువ్వుకుంది. కొంగు గడ్డానికి అడ్డం రాకుండా నడుముకి బిగించి, రైలు దిగి వచ్చే వాళ్ళందరి వైపూ మొహం ఎత్తి చూస్తోంది.

“కొండమ్మగారూ!”

ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఆ గారు ఎవరా అని.

“నన్ను క్షమించండి. అడక్కుండా మీ గుర్తు దొంగిలించాను. బుద్ధి లేక చేశాను.” అతనికి ఆయాసంతో మాట తడబడింది. “కానీ తీసేశానమ్మా. ప్రింటుకి ముందే తీసేశాను. ఏ ఊళ్ళోనూ లేదు, ఎవరూ చూడరు. మీరింక బాధపడకండి.”

చెప్పేశాక నాలుగు రోజుల బరువు దిగినట్టయింది. కొండమ్మ మాత్రం గోడ మీది బొమ్మకేసి చూసి, దగ్గరికి వెళ్ళి, వేలితో ఆ గడ్డం మీది పాముని తడిమింది.

“నా కండ్లకే మసకలొచ్చినయనుకున్న,” అంది. “నువ్వే తీసేసినవా?”

“ఆ రోజు మీరు ఏడవడం చూసి ఉండలేకపోయానమ్మా.”

“నేనేడ్చింది సంబురానికి సారూ. చిన్నగున్నప్పుడు మా చెల్లె గీ టేషన్లనే తప్పిపోయింది. మా ఇద్దరికి తప్ప లోకంల ఎవ్వలకుండొద్దని మా అవ్వ ఏయించిన తేలు గది... బొమ్మ చూసి, యాడున్నా ఎతుక్కుంట వస్తదనుకున్న.”